పీల్చిన వాయువు ఆగేది ఎక్కడ, దెబ్బ తీసేది ఎక్కడ?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. నీళ్ళలో బాగా కరిగే వాయువులు ముక్కులో, గొంతులో ఆగిపోతాయని, కరగనివి ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తాయని పాఠ్యపుస్తకంలో చదివారు. ఆ లెక్కన ఓజోన్ దాదాపు మొత్తం వాయుగోణుల దాకా, అంటే ఊపిరితిత్తుల చివర ఉండే చిన్న గదుల దాకా, పోవాలి. కానీ మామూలుగా ఊపిరి పీల్చే మనిషిలో అందులో చాలా భాగం దారిలోనే మాయమవుతుందని ఇంకోచోట చూశారు. ఇందులో ఏది నిజం? సల్ఫర్ డయాక్సైడ్ ముక్కులోనే ఆగిపోతే ఆస్తమా ఉన్నవాళ్ళకి అదంటే అంత భయం ఎందుకు? ఫాస్జీన్ అనే విషవాయువు పీల్చిన మనిషి అప్పటికి బాగానే ఉండి, గంటల తర్వాత ఎందుకు కుప్పకూలుతాడు?

పీల్చే వాయువుల విషప్రభావాల మీద చాలా ఏళ్ళు ల్యాబ్‌లో పనిచేశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. మీరు చదివిన సూత్రం తప్పు కాదు, సగం మాత్రమే. ఆ సూత్రంలో కరగడం గురించి ఉంది, కరిగాక ఆ వాయువు ఏమవుతుందో లేదు. ఎక్కువ కథ అక్కడే నడుస్తుంది. ఇంకో సంగతి కూడా మొదట్లోనే చెప్పాలి. వాయువు ఎక్కడ నాళాల గోడలోకి పీల్చబడిపోతుంది అనేది ఒక ప్రశ్న, ఎక్కడ హాని చేస్తుంది అనేది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం వస్తుంది.

ముందు దారి చూద్దాం. గాలి ముక్కులోంచి గొంతు, స్వరపేటిక దాటి శ్వాసనాళంలోకి వస్తుంది. అక్కణ్ణుంచి నాళాలు రెండుగా, నాలుగుగా చీలుతూ పోతాయి. ఊపిరితిత్తుల నిర్మాణాన్ని కొలిచిన శాస్త్రవేత్త వైబెల్ 1963లో ఇచ్చిన లెక్కనే ఇప్పటికీ వాడుతున్నాం: మొత్తం 23 చీలికలు. మొదటి 16 గాలిని మోసుకెళ్ళే గొట్టాలు మాత్రమే. 17వ చీలిక నుంచి గోడల మీద వాయుగోణులు, అంటే రక్తంతో గాలి మార్పిడి జరిగే గదులు, కనిపించడం మొదలవుతాయి. ఈ దారి పొడవునా గోడ మీద పలుచటి ద్రవపు పొర ఉంటుంది. పెద్ద నాళాల్లో అది శ్లేష్మంతో కలిసి 5 నుంచి 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మందం ఉంటుంది. కిందికి పోయేకొద్దీ పలచబడి, వాయుగోణుల్లో సగటున 0.2 మైక్రాన్ల దగ్గరికి వస్తుంది. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వాటితో పనుంది.

వాయువు అణువు ముందు గాలిలోంచి గోడ దాకా రావాలి, తర్వాత ద్రవంలో కరగాలి, ఆ ద్రవంలో కిందికి పాకుతూ కణాల దాకా పోవాలి. గాలి వైపు ఒక అడ్డంకి, ద్రవం వైపు ఒక అడ్డంకి. ఎంత వేగంగా పీల్చబడుతుందో ఈ రెండూ కలిసి తేలుస్తాయి. ద్రవం వైపు అడ్డంకి బాగా తక్కువైతే, గోడకి తగిలిన అణువు ఇక వెనక్కి రాదు. అప్పుడు అణువులు గోడ దాకా ఎంత త్వరగా చేరుతున్నాయన్నదొక్కటే మిగులుతుంది. ముక్కు లోపలి మడతలు, సన్నటి సందులు ఉన్నది ఈ పనికే అన్నట్టు ఉంటాయి: అక్కడ గాలి ఏ క్షణంలోనూ గోడకి కొన్ని మిల్లీమీటర్ల కన్నా దూరంలో ఉండదు.

ఇక కరిగే గుణం. 25 డిగ్రీల దగ్గర ఒక అట్మాస్ఫియర్ పీడనానికి లీటరు నీటిలో ఎన్ని మోల్స్ (అణువుల సంఖ్యకి వాడే కొలత) కరుగుతాయో చూస్తే ఓజోన్‌కి సుమారు 0.01, కార్బన్ డయాక్సైడ్‌కి 0.034, సల్ఫర్ డయాక్సైడ్‌కి 1.2, అమ్మోనియాకి 60, ఫార్మాల్డిహైడ్‌కి 3,000కి పైనే. మీ పుస్తకంలోని వరుస ఇక్కణ్ణుంచే వచ్చింది. అయితే ఈ అంకె చెప్పేది ఒక్కటే: ద్రవంలో వాయువు వాయువుగానే ఉండిపోతే సమతౌల్యం ఎక్కడ కుదురుతుంది అని. కరగడం తప్ప ఇంకేమీ జరగకపోతే కుండ నిండగానే నీళ్ళు పట్టడం ఆగిపోతుంది. కరిగిన వాయువు వెంటనే వేరే పదార్థంగా మారిపోతుంటే ఆ కుండకి అడుగున చిల్లు ఉన్నట్టే, ఎంత పోసినా పడుతూనే ఉంటుంది.

అసిటోన్‌ని చూస్తే తేడా తెలుస్తుంది. నీళ్ళలో బాగా కరుగుతుంది, కానీ పెద్దగా చర్య జరపదు. ఊపిరి లోపలికి పోతున్నప్పుడు నాళాల గోడ దాన్ని పీల్చుకుంటుంది. బయటికి వస్తున్న గాలిలో అసిటోన్ తక్కువగా ఉంటుంది కాబట్టి గోడలోంచి కొంత తిరిగి గాలిలోకి వచ్చేస్తుంది. అందుకే అంత బాగా కరిగేది కూడా నికరంగా శరీరంలోకి అనుకున్నంత చేరదు. చర్య జరిపే వాయువుకి ఈ తిరుగు ప్రయాణం లేదు, లేదా చాలా తక్కువ.

సల్ఫర్ డయాక్సైడ్ నీటిలో కరగ్గానే, సెకనులో లక్షోవంతు కన్నా తక్కువ సమయంలో, బైసల్ఫైట్ అయాన్‌గా మారిపోతుంది. పీహెచ్ 7 దగ్గర, కరిగిన ప్రతి ఒక్క సల్ఫర్ డయాక్సైడ్ అణువుకీ లక్షకి పైగా అయాన్లు ఉంటాయి. అంటే 1.2 అన్న అంకె ఆచరణలో లక్షల్లోకి పోతుంది. విశ్రాంతిగా కూర్చుని ముక్కుతో ఊపిరి పీల్చిన వాలంటీర్ల మీద 1960లు, 70లలో చేసిన ప్రయోగాల్లో 95 శాతానికి పైగా సల్ఫర్ డయాక్సైడ్ గొంతు దాటకముందే మాయమైంది. బైసల్ఫైట్ మార్పు వెనక్కి తిరగగలిగేదే కాబట్టి ఊపిరి వదిలేటప్పుడు అందులో కొంత మళ్ళీ బయటికి రావడం కూడా ఆ రోజుల్లోనే కొలిచారు. అమ్మోనియాదీ ఇదే తీరు, దిశ మాత్రం తిరగబడుతుంది: అది ప్రోటాన్ తీసుకుని అమ్మోనియం అవుతుంది.

క్లోరిన్ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చాలా పుస్తకాల్లో దాన్ని "మధ్యరకంగా కరిగేది" అని రాసి, గొంతుకీ ఊపిరితిత్తులకీ సమానంగా పంచేస్తారు. భౌతికంగా కరిగే గుణం చూస్తే అది ఓజోన్ కన్నా కొన్ని రెట్లే ఎక్కువ. కానీ నీటితో చర్య జరిపి హైపోక్లోరస్ ఆమ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారుతుంది, ఆ ద్రవంలోని ప్రోటీన్లతో ఇంకా వేగంగా చర్య జరుపుతుంది. అందుకే కొద్దిపాటి పీపీఎంల (గాలిలో పదిలక్షల భాగాలకి ఎన్ని భాగాలు అనే లెక్క) స్థాయిలో మనుషుల మీద చేసిన కొలతల్లో 95 శాతానికి పైగా పై నాళాల్లోనే ఆగిపోయింది. ప్రమాదాల్లో లాగా వందల పీపీఎం పీలిస్తే సంగతి వేరు. అప్పుడు మిగిలిన ఆ కొద్ది శాతమే ఊపిరితిత్తులని ముంచేస్తుంది, పైన ఉన్న పొర కూడా దెబ్బతిని పని మానేస్తుంది. శాతాలు చూసి ధైర్యపడకూడదు అని నేను అనేది ఇందుకే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఓజోన్. కరిగే గుణం అతి తక్కువ, పీహెచ్ సాయం లేదు, అయానుగా మారదు. అయినా ఆరోగ్యవంతుడైన మనిషి పీల్చిన ఓజోన్‌లో 80 శాతానికి పైగా శరీరంలోనే ఉండిపోతుంది, బయటికి రాదు. కారణం, ద్రవపు పొరలో ఉన్న విటమిన్ సి (ఆస్కార్బేట్), యూరేట్, గ్లూటాథయోన్ లాంటివాటితో, అసంతృప్త కొవ్వులతో, కొన్ని ప్రోటీన్ల భాగాలతో అది అతివేగంగా చర్య జరపడం.

ఎంత వేగం? కాగితం మీద లెక్క వేసి చూడొచ్చు. ఆస్కార్బేట్‌తో ఓజోన్ చర్య రేటు గుణకం లీటరు, మోల్, సెకన్ల లెక్కలో సుమారు 5 కోట్లు. పొరలో ఆస్కార్బేట్ లీటరుకి 100 మైక్రోమోల్స్ అనుకుందాం. రెండూ గుణిస్తే సెకనుకి 5,000. అంటే ఒక ఓజోన్ అణువు సగటు ఆయుష్షు సెకనులో 5,000వ వంతు. నీటిలో ఓజోన్ విసరణ గుణకం, అంటే అణువులు వాటంతట అవి పాకే జోరు, సెకనుకి సుమారు 0.000017 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 5,000తో భాగించి వర్గమూలం తీస్తే, చచ్చిపోయే లోపు ఆ అణువు పాకగలిగే దూరం వస్తుంది: దాదాపు 0.6 మైక్రాన్లు. ఇది ఒక్క ఆస్కార్బేట్‌తోనే. మిగతావన్నీ కలిపితే ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు ఆ రెండు మందాలు గుర్తు తెచ్చుకోండి. పెద్ద నాళాల్లో పొర 5 నుంచి 10 మైక్రాన్లు, ఓజోన్ పాకగలిగేది ఒక మైక్రాన్ కూడా లేదు. అంటే అక్కడ ఓజోన్ అణువు కణాన్ని ఓజోన్‌గా తాకడం దాదాపు అసాధ్యం. వాయుగోణుల దగ్గర పొర 0.2 మైక్రాన్లే. అక్కడిదాకా చేరిన ఓజోన్ పొరని దాటి కణపు గోడని నేరుగా తాకగలదు. ఒకే వాయువు, రెండు చోట్ల రెండు రకాల ప్రవర్తన.

దీని నుంచి ఒక వింత ఫలితం వస్తుంది. గోడలో ఒక్కో చదరపు సెంటీమీటరుకి మొత్తం ఎంత ఓజోన్ పీల్చబడింది అని చూస్తే, అది శ్వాసనాళం నుంచి కిందికి పోయేకొద్దీ తగ్గుతూ పోతుంది. కానీ పొరని దాటి కణజాలానికి ఎంత చేరింది అని చూస్తే, పైన తక్కువగా మొదలై, కిందికి పెరుగుతూ పోయి, గొట్టాలు ముగిసి వాయుగోణులు మొదలయ్యే సంధి దగ్గర శిఖరానికి చేరి, ఆ తర్వాత పడిపోతుంది. పడిపోవడానికి కారణం, అక్కణ్ణుంచి ఉపరితల వైశాల్యం ఒక్కసారిగా పెరిగిపోవడం. నాళాలన్నీ కలిపి కొన్ని వేల చదరపు సెంటీమీటర్లయితే, వాయుగోణులు వంద చదరపు మీటర్ల స్థాయిలో ఉంటాయి. మిగిలిన కొద్ది ఓజోన్ అంత వైశాల్యం మీద పంచబడి పలచనైపోతుంది. 1970ల చివర్లో, 80లలో గణిత నమూనాలు ఈ శిఖరాన్ని చూపించాయి. ఓజోన్‌కి గురైన జంతువుల ఊపిరితిత్తుల్ని కోసి చూసినవాళ్ళకి దెబ్బ ప్రధానంగా కనిపించింది సరిగ్గా అదే సంధిలో. ఈ రంగంలో లెక్కకీ మైక్రోస్కోప్‌కీ ఇంత చక్కగా పొత్తు కుదిరిన సందర్భాలు ఎక్కువ లేవని నా అభిప్రాయం.

"పొరలోనే చచ్చిపోతే పైన ఉన్న నాళాలకి దెబ్బ తగలకూడదు కదా" అని మీరు అడగొచ్చు. తగులుతుంది. ఓజోన్ కొవ్వులతో చర్య జరిపినప్పుడు హెగ్జనాల్, నొనానాల్ లాంటి ఆల్డిహైడ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇంకా కొన్ని ఆక్సీకృత కొవ్వు ముక్కలు పుడతాయి. వీటి ఆయుష్షు ఓజోన్ కన్నా చాలా ఎక్కువ, ఇవి కిందికి పాకి కణాల దాకా వెళ్తాయి. ఓజోన్ అక్కడిదాకా రాకపోయినా దాని సందేశం వస్తుంది. అందుకే ఈ పొరని కవచం అని మాత్రమే అనడం నాకు ఇష్టం ఉండదు. కొన్ని పదార్థాలతో కలిస్తే ఓజోన్ నిర్వీర్యమవుతుంది, కొన్నిటితో కలిస్తే ఇంకో రూపంలో ముందుకి పోతుంది. ఏ చర్య గెలుస్తుందో ఆ చోట ఆ క్షణాన ఏది ఎంత ఉందో దాన్ని బట్టి ఉంటుంది.

ఇంకో చిన్న లెక్క. గాలిలో ఓజోన్ 0.1 పీపీఎం ఉంది, మనిషి చురుగ్గా నడుస్తూ నిమిషానికి 20 లీటర్ల గాలి పీలుస్తున్నాడు అనుకుందాం. లోపలికి పోయే ఓజోన్ నిమిషానికి దాదాపు 0.08 మైక్రోమోల్. నాళాల గోడ మీద ఉన్న ద్రవం మొత్తం రెండు మిల్లీలీటర్లు, అందులో ఆస్కార్బేట్ లాంటి, ఓజోన్‌ని ఖర్చుచేసే యాంటీఆక్సిడెంట్లు లీటరుకి 200 మైక్రోమోల్స్ అనుకుంటే, నిల్వ 0.4 మైక్రోమోల్. ఒకటికి ఒకటి ఖర్చయితే అయిదు నిమిషాల్లో ఖాళీ. నిజంగా అంత త్వరగా ఖాళీ అవదు, ఎందుకంటే కణాలు కొత్తగా స్రవిస్తూనే ఉంటాయి, శ్లేష్మం పైకి కదులుతూ మారుతూనే ఉంటుంది. అంటే ఆ పొర రక్షణ శక్తిని నిర్ణయించేది నిల్వ కన్నా సరఫరా. విటమిన్ సి మాత్రలు వేసుకుంటే సరిపోతుందా అని ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు కాబట్టి చెప్తున్నా: మింగిన విటమిన్ ఆ పొరలోకి చేరడం మీద శరీరానికి తన సొంత నియంత్రణ ఉంటుంది. మాత్రని గాలి కాలుష్యానికి విరుగుడుగా చూడకండి.

శ్వాస తీరు మారితే ఈ చిత్రం మొత్తం కిందికి జరుగుతుంది. ఓజోన్‌ని చిన్న పొట్లంలాగా ఊపిరి మధ్యలో వదిలి, అది ఎంత లోతుకి పోతే ఎంత తగ్గిందో కొలిచే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతిలో, నెమ్మదిగా పీల్చినప్పుడు, అంటే సెకనుకి 250 మిల్లీలీటర్ల దగ్గర, సగం పై నాళాల్లోనూ మిగతా సగం కింది గొట్టాల్లోనూ పోయింది, వాయుగోణుల ప్రాంతానికి దాదాపు ఏమీ చేరలేదు. సెకనుకి 1,000 మిల్లీలీటర్లకి పెంచితే పై నాళాల వాటా పదో వంతుకి పడిపోయి, పావు వంతు దాకా వాయుగోణుల ప్రాంతంలోకి దిగింది. మీ ప్రశ్నలోని రెండు మాటల్లోనూ కొంత నిజం ఎలా ఉందో ఇక్కడ తెలుస్తుంది. కూర్చున్న మనిషిలో దాదాపు అంతా దారిలోనే పోతుంది, పరిగెత్తే మనిషిలో కొంత వాయుగోణుల దాకా దిగుతుంది.

పరిగెత్తేటప్పుడు మూడు సంగతులు ఒకేసారి జరుగుతాయి. నిమిషానికి పీల్చే గాలి ఎక్కువవుతుంది: విశ్రాంతిలో 6 నుంచి 8 లీటర్లు ఉండేది 60 దాటుతుంది. గాలి గోడ పక్కన గడిపే సమయం తగ్గుతుంది. నిమిషానికి సుమారు 35 లీటర్లు దాటాక చాలామంది ముక్కుతో పాటు నోటితో కూడా పీల్చడం మొదలుపెడతారు, అంటే వాయువు వడకట్టే భాగాన్ని పక్కన పెట్టేస్తారు. గాలిలో అంకె మారకుండానే లోపలికి చేరే మోతాదు ఎన్నో రెట్లు మారుతుంది. ఓజోన్ ప్రయోగాల్లో 0.08 పీపీఎం దగ్గర 6.6 గంటలపాటు మధ్య మధ్య వ్యాయామం చేయించినప్పుడు కొందరు వాలంటీర్లలో ఊపిరి బలం తగ్గింది. అదే గాలిలో ఊరికే కూర్చుని ఉంటే ఆ మార్పు కనపడదు.

ఆస్తమాకీ సల్ఫర్ డయాక్సైడ్‌కీ ఉన్న లంకె ఇక్కడే దొరుకుతుంది. ముక్కు 95 శాతం పైగా ఆపుతుందన్నది కూర్చుని ముక్కుతో పీల్చే మనిషి సంగతి. వేగంగా నడుస్తూ నోటితో పీల్చే మనిషిలో గొంతు దాటే వాటా చాలా పెరుగుతుంది. దానికి తోడు ఆస్తమా ఉన్నవాళ్ళ నాళాల్లో నరాలు, కండరాలు చిన్న ప్రేరణకే బిగుసుకుంటాయి. ఆరోగ్యవంతులు 1 పీపీఎంకి పైన కూడా పెద్దగా స్పందించని చోట, వ్యాయామం చేస్తున్న ఆస్తమా రోగులు 0.5 పీపీఎం దగ్గర, కొందరు ఇంకా తక్కువ దగ్గరే, కొన్ని నిమిషాల్లో పిల్లికూతలతో ఆగిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సల్ఫర్ డయాక్సైడ్‌కి పది నిమిషాల పరిమితిని (ఘనపు మీటరుకి 500 మైక్రోగ్రాములు) విడిగా పెట్టింది ఈ వేగాన్ని దృష్టిలో పెట్టుకునే. రోజు సగటు ఎంత బాగున్నా ఆ పది నిమిషాలు సరిపోతాయి. మీ ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళు ఉంటే, పొగ వాసన ఉన్న రోజు "ఇంట్లో ఉండాలా" అన్నదానికన్నా "ఆయాసపడే పని చేయాలా" అన్న ప్రశ్న ముందు వేసుకోండి.

పక్కదారి ఒకటి. నోట్లో సహజంగానే కొంత అమ్మోనియా ఉంటుంది, అక్కడి సూక్ష్మజీవుల పుణ్యమా అని. నోటితో పీల్చిన సల్ఫ్యూరిక్ ఆమ్లపు తుంపర్లని అది దారిలో కొంత నిర్వీర్యం చేస్తుందని 1970లలోనే చూపించారు. ముక్కులో అమ్మోనియా తక్కువ. ముక్కు ఎప్పుడూ మంచిది, నోరు ఎప్పుడూ చెడ్డది అని తేల్చేయడానికి లేదు.

ఎలుకల ప్రయోగాల గురించి కూడా చెప్పాలి, లేకపోతే మీరు చదివే సగం పేపర్లు తప్పుదోవ పట్టిస్తాయి. ఎలుక ముక్కుతో మాత్రమే పీలుస్తుంది, దాని ముక్కు లోపలి మడతలు మన కన్నా చాలా క్లిష్టంగా ఉంటాయి. 14, 15 పీపీఎంల ఫార్మాల్డిహైడ్ రెండేళ్ళు పీల్చిన ఎలుకలకి ముక్కులోనే క్యాన్సర్లు వచ్చాయి, ఊపిరితిత్తుల్లో కాదు. ఆ వాయువు అంతా ముక్కు ముందుభాగంలోనే పీల్చబడిపోతుంది మరి. ఎలుక ముక్కులో ఏ మూల ఎక్కువ చేరుతుందో గాలి ప్రవాహపు కంప్యూటర్ నమూనాలతో లెక్కగట్టి, ఆ మూలల్నే గాయాల మ్యాపుతో పోల్చారు. మనిషి ముక్కు ఆకారం వేరు కాబట్టి ఆ మ్యాపుని నేరుగా మనకి అంటించలేం. ఓజోన్ విషయంలో ఇంకో తెలివైన ప్రయోగం జరిగింది. ఆక్సిజన్-18 అనే బరువైన ఐసోటోప్‌తో ఓజోన్ తయారుచేసి పీల్పించి, ఊపిరితిత్తులని కడిగిన ద్రవంలో ఆ గుర్తు ఎంత ఉందో చూశారు. ఒకే 0.4 పీపీఎం గాలిలో, వ్యాయామం చేసిన మనుషుల్లో ఆ గుర్తు విశ్రాంతిలో ఉన్న ఎలుకల కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ తేలింది. "ఎలుకలకి 0.4 దగ్గర పెద్దగా ఏమీ కాలేదు" అన్న వాక్యం చదివినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇక ఫాస్జీన్. ఇది ఓజోన్‌లాగే తక్కువగా కరుగుతుంది. కరిగిన కొద్ది భాగం నీటితో చర్య జరుపుతుంది, కానీ ఓజోన్ ఆస్కార్బేట్‌తో జరిపే వేగంతో పోలిస్తే వందల రెట్లు నెమ్మదిగా. అందుకని పై నాళాల గోడ దాన్ని పట్టి ఉంచలేదు. పొరలో పుట్టే ఆమ్లం తక్కువ, కాబట్టి కన్ను మండటం, గొంతు మండటం కూడా తక్కువ. క్లోరిన్ అయితే మనిషి దగ్గుతూ పరిగెత్తి పారిపోతాడు, ఆ మంటే కాపాడుతుంది. ఫాస్జీన్ పచ్చి గడ్డి లేదా ఎండుగడ్డి వాసన వేస్తుంది, మనిషి అక్కడే ఉండి పీలుస్తూ ఉంటాడు. వాయువు 0.2 మైక్రాన్ల పొర ఉన్న చోటికి దర్జాగా చేరుతుంది.

అక్కడ అది హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా విడిపోయి కాలుస్తుందని చాలాచోట్ల రాస్తారు. ఆ వివరణ సరిపోదు. తక్కువ మోతాదుల్లో ప్రధానమైన దెబ్బ, ఫాస్జీన్ నేరుగా ప్రోటీన్లలోని అమైన్ (నత్రజని ఉన్న), థయాల్ (గంధకం ఉన్న) సమూహాలకి అతుక్కోవడం. దాంతో గాలికీ రక్తానికీ మధ్య గోడ నెమ్మదిగా కారడం మొదలుపెడుతుంది. మొదట కారిన ద్రవాన్ని శోషరస నాళాలు తోడేస్తుంటాయి కాబట్టి మనిషికి ఏమీ తెలియదు. తోడే వేగాన్ని కారే వేగం దాటినప్పుడే ఆయాసం మొదలవుతుంది. మోతాదుని బట్టి అది అరగంటలో రావచ్చు, 24 గంటలు కూడా పట్టవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాయువుల వల్ల చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఫాస్జీన్‌కే బలయ్యారు. అప్పటి వైద్యులు ఈ ప్రశాంతమైన విరామాన్ని స్పష్టంగా నమోదు చేశారు.

నైట్రోజన్ డయాక్సైడ్ కూడా ఈ కుటుంబంలోదే, మరీ అంత తీవ్రం కాదు. పశుగ్రాసం నిల్వచేసే మూసిన గోదాముల్లో అది పేరుకుని, లోపలికి దిగినవాళ్ళకి గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, కొందరికి వారాల తర్వాత చిన్న నాళాలు మూసుకుపోవడం వైద్యులకి తెలిసిందే.

ఆచరణలో దీని అర్థం: ఇలాంటి వాయువు పీల్చారని అనుమానం ఉంటే, "ఇప్పుడు బాగానే ఉంది" అన్న మాట మీద ఇంటికి పంపకూడదు. ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచాలి, ఆ సమయంలో మనిషి నడవడం, బరువులు మోయడం లాంటివి మానేసి కదలకుండా ఉండాలి. శ్రమ ఆ కారడాన్ని పెంచుతుంది.

చివర్లో మాస్కుల గురించి అడిగారు. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు, ఎన్95 ఇవన్నీ రేణువులకి. వాయువు అణువు వాటి సందుల్లోంచి తేలిగ్గా పోతుంది. ఉత్తేజిత బొగ్గు పొర ఉన్నవి ఓజోన్‌ని కొంత పట్టుకుంటాయి. క్లోరిన్‌కి, అమ్మోనియాకి, ఫార్మాల్డిహైడ్‌కి వేర్వేరు రసాయనాలు అద్దిన ఫిల్టర్ డబ్బాలు ఉంటాయి, రంగుని బట్టి గుర్తిస్తారు. ఒకదానికి పెట్టినది ఇంకోదానికి పనిచేయదు, పైగా వాటికీ నిండిపోయే సమయం ఉంటుంది. మీది ల్యాబ్ పని అని రాశారు కాబట్టి, ఏ వాయువుతో పని చేస్తున్నారో, ఎంత గాఢతలో వాడుతున్నారో చెప్తే ఏ ఫిల్టర్ సరిపోతుందో చూసి రాస్తాను. ఫాస్జీన్ అయితే మాత్రం ఫిల్టర్ మాస్కు మాట ఎత్తొద్దు. ఫ్యూమ్‌హుడ్ (వాయువుల్ని బయటికి లాగేసే ల్యాబ్ పెట్టె) లోపలే చేయాలి, మోతాదు చూపించే బ్యాడ్జి కాలర్ దగ్గర ఉండాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి.